ముల్లు దూకితే తప్పు ఎవరిది?

ప్రశ్న: ఉద్యోగం కోసం పెద్ద నగరానికి వచ్చి ఏడాదవుతోంది. పుట్టినరోజుకి స్నేహితులంతా కలిసి, సూట్‌కేసులా మూసుకునే రికార్డు ప్లేయరు కొనిచ్చారు. మూడు నెలల్లో పదకొండు ఎల్పీ రికార్డులు కొన్నాను. ఏడు సెకండ్‌హ్యాండ్, నాలుగు కొత్తవి. పాతవాటిలో నాలుగింటికి, కొత్తవాటిలో ఒకదానికి మధ్యలో ముల్లు దూకుతోంది. అమ్మినాయన నా ప్లేయరే మంచిది కాదంటాడు. స్నేహితుడేమో పాతవాటి జోలికి పోవద్దు, బరువు 180 గ్రాములని రాసి ఉన్న కొత్తవే కొనమంటాడు. కొత్తవే కొంటూ పోతే నా జీతం చాలదు. పాత రికార్డుల షాపుకి వెళ్తే అక్కడ అందరూ పరీక్ష పేపర్లు దిద్దుతున్నట్టు రికార్డుల్ని పట్టి పట్టి చూస్తుంటారు. ఏం చూడాలో నాకు తెలియదు, అడగాలంటే సిగ్గు. కాసేపు అటూ ఇటూ తిరిగి బయటికొచ్చేస్తాను. ఎక్కడ కొనాలి, ఏం చూసి కొనాలి? ఇంకొకటి. మా తాతగారి ట్రంకుపెట్టెలో బరువుగా, మందంగా ఉన్న రికార్డులు పది దాకా దొరికాయి. వాటినీ ఇదే ప్లేయరు మీద వేయొచ్చా?

జవాబు: మీ ఉత్తరంలో అసలు విషయం ఒక చిన్న మాటలో దాక్కుని ఉంది. "కొత్తవాటిలో ఒకదానికి" అన్నారే, అదే. కవరు చించి మొదటిసారి వేసిన రికార్డు మీద కూడా ముల్లు దూకిందంటే, పాతవన్నీ చెడ్డవని తేల్చేముందు ప్లేయరు సంగతి చూడాలి. అలాగని అమ్మినాయన మాటే పూర్తిగా నిజమనీ అనను. నాలుగు పాతవాటిలో ఒకటో రెండో నిజంగానే గీరుకుపోయినవి అయ్యుంటాయి. ఎవరి వాటా ఎంతో తేల్చుకోవడానికి తేలికైన దారి ఉంది. దూకుతున్న ఐదింటినీ సంచిలో వేసుకుని, వినడానికి ప్లేయరు పెట్టిన షాపుకో, మంచి ప్లేయరున్న మిత్రుడి ఇంటికో వెళ్ళండి. అక్కడా అదే చోట దూకితే తప్పు రికార్డుది. అక్కడ సాఫీగా పాడితే తప్పు మీ ఇంట్లోనే ఉంది.

సూట్‌కేసు ప్లేయర్ల మీద కోపం తెచ్చుకునేవాళ్ళని చాలామందిని చూశాను. నాకు అంత కోపం లేదు. ఎంతోమందిని రికార్డుల దాకా తీసుకొచ్చినవి అవే. కానీ దాని బలహీనతలు తెలిసి వాడుకోవాలి. స్పీకర్లు, తిరిగే పళ్ళెం, ముల్లున్న చెయ్యి అన్నీ ఒకే పెట్టెలో ఉంటాయి. సౌండు పెంచితే స్పీకర్ల అదురు పెట్టె గుండా ముల్లుకి చేరుతుంది. బాస్ గట్టిగా ఉన్నచోట ముల్లు గాడి తప్పడానికి అది చాలు. పైగా ఈ రకం ప్లేయర్లలో చాలావాటికి సిరామిక్ కార్ట్రిడ్జ్ ఉంటుంది. కార్ట్రిడ్జ్ అంటే ముల్లుని పట్టి ఉంచి, దాని కదలికను సౌండు సిగ్నల్‌గా మార్చే చిన్న భాగం. అది రికార్డు మీద నాలుగైదు గ్రాముల బరువు మోపుతుంది. మామూలు మాగ్నెటిక్ కార్ట్రిడ్జ్ అయితే రెండు గ్రాముల అటూ ఇటూ. బరువెక్కువైనా ఎందుకు దూకుతుందంటారా? ముల్లున్న చెయ్యి తన ఇరుసు దగ్గర బిగుసుగా ఉంటే, ముల్లు గాడి వెంట తేలిగ్గా కదల్లేదు. బరువు ఒక్కటే దాన్ని గాడిలో నిలబెట్టలేదు.

ముందుగా ఖర్చు లేని పనులు చేయండి. ప్లేయరు ఏ మూలకీ ఒరగకుండా, సమంగా ఉన్న బల్ల మీద ఉందో లేదో చూడండి. వెనక లైన్ అవుట్ (బయటి స్పీకర్లకి తీగ పెట్టే చోటు) ఉంటే బయటి స్పీకర్లకి కలిపి, లోపలి సౌండు తగ్గించి చూడండి. ఆ తర్వాత ముల్లు మార్చండి. ఇలాంటి ప్లేయర్లకు దొరికే ముళ్ళు ఖరీదైనవి కావు. నీలం రాయి ముల్లు త్వరగా అరిగిపోతుంది, వజ్రపు ముల్లు దొరికితే అదే వేయించండి. ముల్లున్న చేతి మీద నాణెం అంటిస్తే దూకడం ఆగుతుందని ఎవరైనా సలహా ఇస్తే నవ్వి ఊరుకోండి. దూకడం ఆగొచ్చు, గాడి మాత్రం అరిగిపోతుంది. ఇన్ని చేసినా కుదరకపోతే, ఇక మీదట రికార్డుల కోసం తీసిపెట్టే డబ్బులో మూడు నాలుగు నెలలది దాచి, మాగ్నెటిక్ కార్ట్రిడ్జ్ ఉన్న ప్లేయరు కొనండి. సెకండ్‌హ్యాండ్‌దైనా సరే. అన్నాళ్ళూ షాపుకి వెళ్ళి కొనకుండా చూడటం నేర్చుకోవచ్చు. అది నేర్చుకోవాల్సిన విద్యే.

ఇక ఆ పరీక్ష పేపర్లు దిద్దేవాళ్ళ విషయం. వాళ్ళు చూసేది ఏమిటో చెబుతాను.

ఎల్పీకి ఒక్కో వైపు ఉండేది ఒకటే గాడి. బయటి అంచున మొదలై చుట్లు చుట్లుగా లోపలికి వెళ్ళే ఒకే ఒక్క గీత. మీరు డబ్బు పెడుతున్నది ఆ గాడి మీద. కవరు, స్టిక్కరు, రంగు, బరువు, మొదటి ముద్రణా కాదా అన్నవి దాని తర్వాతే. ఈ వరస తలకిందులైనప్పుడే మోసపోతాం. నా కొత్తలో ఒక షాపులో తళతళలాడే కవరు చూసి, లోపల ఏముందో తీసి చూడకుండానే కొనేశాను. ఇంటికొచ్చి తీస్తే అందులో వేరే ఎవరి రికార్డో ఉంది, అదీ పిల్లల కథలది. తిరిగి వెళ్ళి అడగడానికి మొహం చెల్లలేదు. అప్పటినుంచి కవరు ఎంత కొత్తగా ఉన్నా రికార్డు బయటికి తీసి, లేబుల్ చదివి, రెండు వైపులా చూశాకే మాట. మీరూ అలాగే చేయండి. తీసి చూడొద్దనే షాపులో సెకండ్‌హ్యాండ్ కొనకండి.

తీసేటప్పుడు అరచేతులతో అంచులు, వేళ్ళతో మధ్య లేబుల్ మాత్రమే తాకండి. తర్వాత ఒకే ఒక దీపం కిందికి తీసుకెళ్ళండి. షాపు మొత్తం పరుచుకున్న ట్యూబులైట్ల వెలుగులో ఏ గీతా కనపడదు. ఒక్కచోటి నుంచి పడే వెలుగులో, ఫోను టార్చి అయినా సరే, రికార్డుని అటూ ఇటూ వంచుతూ చూస్తే దాని చరిత్రంతా పైకి తేలుతుంది. సన్నటి వెంట్రుకల్లాంటి గీతలు కాగితపు కవర్లోంచి తీసీ పెట్టీ పడ్డవి. చాలాసార్లు అవి చెవికి వినిపించవు. గీత మీద గోటిని మెల్లగా జరిపితే తట్టుకుంటోందా? అయితే అది వినిపిస్తుంది. గాడికి అడ్డంగా పడ్డ గీత అయితే చుట్టుకొకసారి "టిక్" మంటుంది. ఎల్పీ తిరిగేది నిమిషానికి 33⅓ చుట్లు, ఆ వేగంలో ఒక చుట్టుకి 1.8 సెకన్లు. ఆ లెక్కన టిక్కులు పడుతుంటే అది ఒకే గీత పని. అడ్డగీత చూసి భయపడేవాళ్ళే ఎక్కువ గానీ, నేను భయపడేది గాడి వెంటే నడిచే గీతకి. అది చిన్నదైనా సరే, ముల్లుని పట్టి పక్క చుట్టులోకి తోసేస్తుంది, లేదంటే అక్కడే తిప్పుతూ ఉంచుతుంది. దూకే మీ నాలుగింటినీ దీపం కింద పెట్టి చూడండి, అలాంటి గీత ఉందేమో.

గీతల కన్నా చెడ్డది ఒకటుంది. అది చూడగానే కనపడదు. అరుగుదల. ఎవరో అరిగిన ముల్లుతో, ఎక్కువ బరువు మోపి వందలసార్లు వేసిన రికార్డు మీద ఒక్క గీత కూడా లేకపోవచ్చు. కానీ పాట పెద్దగా సాగే చోట్ల నల్లటి మెరుపు పోయి బూడిదరంగు తిరుగుతుంది. గొంతు పైస్థాయికి వెళ్ళినప్పుడు చిరిగిన గుడ్డలా చప్పుడొస్తుంది. దుమ్ము కడిగితే పోతుంది, వేలిముద్ర కడిగితే పోతుంది, ఇది ఏం చేసినా పోదు. మధ్య చిల్లు చుట్టూ లేబుల్ మీద సన్నటి మెరిసే గీతలు గజిబిజిగా ఉన్నాయేమో చూడండి. ప్లేయరు మధ్యలోని ఇరుసు కోసం వెతుక్కుంటూ పెట్టిన ప్రతిసారీ ఒక గీత పడుతుంది. అవి చాలా ఉంటే పాత యజమాని దాన్ని బాగా ఇష్టపడ్డాడని అర్థం. ఆయన ఇష్టం మన పాలిట అరుగుదల.

రికార్డుని కంటికి సమంగా, నేలకి అడ్డంగా పట్టుకుని అంచు వెంట చూస్తే వంకర తెలుస్తుంది. కొంచెం అల ఉంటే మంచి ప్లేయరు తట్టుకుంటుంది. ఒక్కచోటే చటుక్కున లేచిన అంచుంటే వదిలేయండి. పాలపొరలా మబ్బు కమ్మినట్టుంటే, చాలా ఏళ్ళు పీవీసీ ప్లాస్టిక్ లోపలి కవర్లో ఉండిపోయిందేమో అనుమానించండి. ఆ కవరు వదిలే ఆవిరి రికార్డు పై పొరను పట్టేస్తుంది. కడిగినా వదలదు. బూజు వాసన వేసే కవరు ఎంత చవగ్గా వచ్చినా నేను ఇంటికి తెచ్చుకోను, పక్కవాటికి అంటుకుంటుంది. కవరు మూల కత్తిరించి ఉన్నా, ఒక చిల్లు పొడిచి ఉన్నా కంగారుపడకండి. అమ్ముడవక మిగిలిన సరుకుని కంపెనీ తగ్గింపు ధరకి వదిలించుకున్నప్పుడు వేసిన గుర్తది. లోపలి రికార్డు తరచుగా కొత్తదానిలాగే ఉంటుంది. అలాంటివి నాకు చాలా ఇష్టం.

పాటలు అయిపోయాక లేబుల్ దాకా ఉండే ఖాళీ చోటు చూడండి. వంచితే అక్కడ అంకెలు, అక్షరాలు కనిపిస్తాయి. ఆ ముద్రణకి అదే జాతకం. కవరు ఎన్నిసార్లయినా మారొచ్చు, ఈ అంకెలు మాత్రం ఆ పళ్ళెం ఏ అచ్చులోంచి వచ్చిందో చెబుతాయి. అచ్చు కోసం మొదటి గాడి కోసిన ఇంజనీరు పొడి అక్షరాలు కూడా కొన్నిట్లో ఉంటాయి. "ఆర్‌ఎల్" అని చేత్తో గీకి ఉంటే అది అమెరికాలో పేరుపొందిన బాబ్ (రాబర్ట్) లడ్విగ్ సంతకం. ఇంగ్లండుకి చెందిన జార్జ్ పెకమ్ అయితే ఏకంగా "ఎ పోర్కీ ప్రైమ్ కట్" అని రాసుకునేవాడు. ఇదంతా మొదట్లోనే కంఠతా పట్టాల్సిన పని లేదు. ఒకే ఆల్బమ్ ముద్రణలు రెండు పక్కపక్కన దొరికి, ధరలో పెద్ద తేడా ఉన్నప్పుడు మాత్రం ఇక్కడ చూడండి. రికార్డుల వివరాలు, ధరలు దొరికే వెబ్‌సైట్ డిస్కాగ్స్‌లో ఆ అంకెలు కొడితే ఏ దేశపు ముద్రణో, ఏ ఏడాదిదో సాధారణంగా తేలిపోతుంది. అక్కడ ధర చూసేటప్పుడు ఒక జాగ్రత్త: అమ్మేవాళ్ళు అడుగుతున్న ధర వేరు, నిజంగా అమ్ముడైన ధర వేరు. రెండోదే చూడండి.

స్టిక్కర్ల మీద రాసే గ్రేడుల గురించి మీరు అడగలేదు గానీ చెప్పాలి. ఎందుకంటే అందులో మాటలకి నిఘంటువు అర్థాలు పనిచేయవు. మింట్ అంటే ఎవరూ వేయనిది. నియర్ మింట్ అంటే దాదాపు అలాంటిది. వెరీ గుడ్ ప్లస్ అంటే కాస్త వాడినట్టు కనిపించినా వినడానికి బాగుండేది, మనలాంటి వాళ్ళకి సరిపోయేది అదే. ఉత్త వెరీ గుడ్ దగ్గరికి వచ్చేసరికి చిటపటలు పాటతో పాటు వస్తాయి. ఇక "గుడ్" అని రాశారంటే బాగాలేదని మర్యాదగా చెప్పడం. రికార్డుకి ఒకటి, కవరుకి ఒకటి, రెండు గ్రేడులుంటాయి. ఏది దేనిదో చూసుకోండి. అమ్మేవాళ్ళు చాలామంది కంటితో చూసి గ్రేడు వేస్తారు, వేసి వినరు. వందల రికార్డులున్నచోట వినడం వాళ్ళకి కుదరదు కూడా. అందుకే ఆ స్టిక్కరుని అమ్మే మనిషి అభిప్రాయంగానే తీసుకోండి. రెండు మూడు కొన్నాక ఆయన చెయ్యి ఉదారమైనదో, పిసినారిదో తెలిసిపోతుంది. పిసినారి చేతి గ్రేడులున్న షాపు దొరికితే వదలకండి.

షాపులో వినే వీలుంటే మొదటి పాట వేయకండి, చివరి పాట వేయండి. కారణం ఉంది. పళ్ళెం తిరిగే వేగం మారదు గానీ, బయటి అంచు దగ్గర ముల్లు కింద సెకనుకి దాదాపు 50 సెంటీమీటర్ల గాడి పోతే, లోపల లేబుల్ దగ్గరికి వచ్చేసరికి 20 చిల్లరే పోతుంది. అదే సంగీతాన్ని సగం కన్నా తక్కువ చోటులో ఇరికించాలి. అరుగుదల ఉన్నా, ముద్రణ బాగాలేకపోయినా ముందు బయటపడేది అక్కడే. చివరి పాటలో గొంతు చిరగకుండా ఉంటే ఆ వైపంతా బాగున్నట్టే. ముల్లు దింపడానికి పక్కనున్న మీటనే వాడండి. షాపు వాళ్ళ ముల్లు మీద చెయ్యి వణికితే మీకన్నా ఎక్కువగా వాళ్ళ గుండె వణుకుతుంది.

ఇప్పుడు కొత్తవి. మీ స్నేహితుడు చెప్పిన 180 గ్రాముల మాట. మామూలు ఎల్పీ 120 నుంచి 140 గ్రాములుంటుంది. 180 ఉంటే చేతికి నిండుగా ఉంటుంది, అంత తొందరగా వంగదు. గాడి లోతు మాత్రం అంతే. పాట బాగా వినిపించడం గాడి ఎవరు కోశారు, ఏ రికార్డింగు నుంచి కోశారు, ఫ్యాక్టరీలో ఎంత జాగ్రత్తగా ముద్రించారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. పలుచటి పాత పళ్ళేలు కొన్ని అద్భుతంగా పాడతాయి, 180 గ్రాములవి కొన్ని సీడీని తెచ్చి అచ్చువేసినట్టుంటాయి. కొన్ని నిజంగా అలాంటివే. యూరప్‌లో 1963కి ముందు విడుదలైన రికార్డింగులకు హక్కులు ముగిసిపోయాయి. కాబట్టి అసలు కంపెనీని అడగకుండానే పాత జాజ్, బ్లూస్ ఎవరైనా ముద్రించుకోవచ్చు. మొదట రికార్డు చేసిన అసలు టేపు వాళ్ళ దగ్గర ఉండాలన్న నియమం లేదు. కవరు వెనక టేపు గురించి గానీ మాస్టరింగ్ (ముద్రణకి ముందు సౌండుని సిద్ధం చేసే పని) చేసినవారి గురించి గానీ ఒక్క ముక్క లేకుండా, "180 గ్రాములు" మాత్రం పెద్దక్షరాల్లో ఉంటే నాకు అనుమానమే.

అలాగని "అంతా అనలాగే", అంటే మధ్యలో ఎక్కడా డిజిటల్‌గా మార్చలేదు అన్న మాటకి కూడా మరీ కరిగిపోకండి. అసలు టేపు నుంచే కోస్తారని పేరున్న ఒక అమెరికన్ కంపెనీ మధ్యలో డిజిటల్ మెట్టు వాడుతోందని 2022లో బయటపడింది. పెద్ద గొడవైంది. అప్పటిదాకా ఆ రికార్డుల అనలాగ్ వెచ్చదనాన్ని చెవులు కోసుకుని మెచ్చుకున్నవాళ్ళే గొడవలో ముందున్నారు. నాకైతే అందులో తేలింది ఒకటే: పని బాగా జరిగితే మధ్యలో ఏముందో చెవి పట్టుకోవడం కష్టం.

కొత్తదైతే చూడక్కర్లేదనుకోవడం కూడా పొరపాటే. 2022లో అమెరికాలో అమ్ముడైన ఎల్పీల సంఖ్య సీడీలని దాటింది, 1987 తర్వాత మొదటిసారి. ఆ గిరాకీకి అప్పట్లో తగినన్ని ముద్రణ యంత్రాలు లేకపోయాయి. గాడి కోయడానికి వాడే లక్క పూత పళ్ళేలు చేసే పెద్ద ఫ్యాక్టరీ ఒకటి 2020లో కాలిఫోర్నియాలో కాలిపోయింది. హడావిడిగా ముద్రించినవాటిలో తప్పులు వస్తాయి. మధ్య చిల్లు సరిగ్గా మధ్యలో పడకపోవడం అందులో ఒకటి. రికార్డు తిరుగుతుంటే పైనుంచి చూడండి, ముల్లున్న చెయ్యి ఎడమకీ కుడికీ ఊగుతూ ఉంటే చిల్లు పక్కకి పడ్డట్టు. పియానో పాటల్లో స్వరం తేలిపోతూ, మునిగిపోతూ వినిపిస్తుంది. చుట్టిన ప్లాస్టిక్ మరీ బిగుతుగా ఉండి పళ్ళెం గిన్నెలా వంగడం ఇంకొకటి. అందుకని కొత్తది కొన్న రోజే ప్లాస్టిక్ తీసి రెండు వైపులా వినండి, బిల్లు దాచుకోండి, మార్చిచ్చే గడువు ఎన్ని రోజులో కొనేముందే అడగండి. రెండేళ్ళు సీలు తీయకుండా దాచి, అప్పుడు లోపం కనిపెట్టినవాళ్ళకి ఎవరూ మార్చివ్వరు. రంగురంగుల పళ్ళేలు బాగానే పాడతాయి, ఆ భయం వద్దు. బొమ్మ అచ్చేసిన పిక్చర్ డిస్కులు మాత్రం గోడకే నయం, వాటిలో రొద ఎక్కువ.

పాతదా, కొత్తదా అన్నదానికి నా లెక్క చెబుతాను. ఒకప్పుడు లక్షల్లో అమ్ముడైన ఆల్బమ్ అయితే పాతదే కొనండి. ఊరంతా దొరుకుతుంది, ఒకటి బాగాలేకపోతే ఇంకొకటి. అప్పట్లోనే తక్కువ ముద్రించినవి, పాతవి దొరికినా వేలంపాటలా ధర పలికేవి అయితే, మంచి కొత్త ముద్రణ కొనుక్కుని హాయిగా వినండి. ఈ మధ్య వచ్చిన గాయకులవి కొత్తవే ఉంటాయి, అందులో ఎంపిక లేదు. మొదటి ముద్రణ మోజు మాత్రం ఇప్పుడే పెట్టుకోకండి. అది వినేవాళ్ళ జబ్బు కాదు, పోగేసేవాళ్ళ జబ్బు. నాకు వచ్చింది, ఇంకా తగ్గలేదు.

పెద్ద నగరం మీకిచ్చే లాభం ఒకటే. షాపులు ఒక్కోటి ఒక్కో స్వభావంతో ఉంటాయి. ఒకచోట జాజ్ తెలిసినవాడు ఉంటాడు, అక్కడ జాజ్ ఖరీదు, పాప్ చవక. ఇంకోచోట సరిగ్గా దానికి ఎదురు. షాపుకి దేనిమీద పట్టులేదో అది అక్కడ కొనడం పాత కిటుకు. ఇంకా పనిచేస్తుంది. సెకండ్‌హ్యాండ్ షాపుల్లో "కొత్తగా వచ్చినవి" అని విడిగా ఒక పెట్టె ఉంటుంది. అక్షరక్రమంలో సర్దిన అరల్ని వదిలి ముందు అది చూడండి. అరల్లో ఉన్నవాటిని మీకన్నా ముందు వందమంది చూసి వదిలేశారు. సెలవు రోజు మధ్యాహ్నం కన్నా పనిదినం పొద్దున మేలు. మనుషులు తక్కువ, మాట్లాడే తీరిక ఎక్కువ. రికార్డుల సంతల్లో వ్యాపారులు పొద్దున్నే తలుపులు తీయకముందే ఒకరి బల్ల మీది సరుకు ఇంకొకరు కొనేసుకుంటారు. అరుదైనవాటి కోసం వాళ్ళతో పోటీ పడకండి. సాయంత్రం సర్దుకునే వేళకి వెళ్ళండి. మిగిలినవి మళ్ళీ మోసుకెళ్ళాలి, వంద ఎల్పీలంటే పాతిక కిలోలకి తక్కువుండదు. అప్పుడు నాలుగైదు కలిపి అడిగితే ధర దిగుతుంది. మీరు అద్దె ఇంట్లో ఉంటారనుకుంటున్నాను, ఆ పాతిక కిలోల లెక్క మీకు కూడా వర్తిస్తుంది.

స్వచ్ఛంద సంస్థల పాత సామాన్ల షాపులు, ఇల్లు ఖాళీ చేసేవాళ్ళ అమ్మకాలు కాలక్షేపానికి బాగుంటాయి. దొరికితే దొరికినట్టు.

సిగ్గు సంగతి. ఆ దిద్దేవాళ్ళలో సగం మందికి మీకన్నా పెద్దగా ఏమీ తెలియదు, మిగతా సగం ఎవరైనా అడిగితే బాగుండునని ఎదురుచూస్తుంటారు. షాపాయనతో "మంచి రికార్డు చూపించండి" అనకండి, ఆ మాటకి ఆయన దగ్గర జవాబుండదు. "నాకు ఫలానా ఆల్బమ్ ఇష్టం, అలాంటిది, ఇంత లోపల, చిటపటలు కాస్త ఉన్నా పర్వాలేదు" అనండి. బడ్జెట్ చెప్పడం చిన్నతనం కాదు. మర్యాదలు రెండు మూడే. పెట్టెలో చూసేటప్పుడు కవర్లని పై అంచు పట్టి ముందుకి వంచుకుంటూ పోవాలి, పైకి లాగి టపామని వదలకూడదు. మీ పక్కవాళ్ళు చూస్తున్న పెట్టెలోకి చెయ్యి పెట్టకూడదు. తీసింది తీసినచోటే పెట్టాలి. రికార్డు తీసి చూసి వద్దనుకోవడం మర్యాద తక్కువ కాదు. ఆరు తీసి చూసి ఒకటి కొంటే అది మంచి రోజే.

కొన్నది ఇంటికొచ్చాక వేసేముందు కడగండి. సెకండ్‌హ్యాండ్‌వి అన్నీ, ఎంత శుభ్రంగా కనపడినా. మీ దూకే నాలుగింటిలో ఒకటైనా గట్టిపడిన మురికి వల్లే దూకుతుండొచ్చు. డిస్టిల్డ్ వాటరు, మెత్తటి గుడ్డ, చుట్టు వెంట తుడవడం, లేబుల్ తడవకుండా చూసుకోవడం, నిలబెట్టి ఆరనివ్వడం. కొన్ని షాపుల్లో నీటిని పీల్చేసే కడిగే యంత్రం ఉంటుంది, చిన్న రుసుముకి కడిగిపెడతారు. తర్వాత కొత్త లోపలి కవర్లో వేసి నిలువుగా పెట్టండి. ఎండ తగిలే కిటికీ పక్కన వద్దు, ఆగి ఉన్న కారులో అసలే వద్దు.

తాతగారి పెట్టె. అవి బహుశా 78 వేగం రికార్డులు. లేబుల్ మీద ఆ అంకె ఉందేమో చూడండి, ఒక్కో వైపు మూడు నాలుగు నిమిషాలే పాడేవయితే దాదాపు అవే. వాటిని మీ ప్లేయరు మీద ఇప్పుడున్న ముల్లుతో వేయకండి. వేగం మార్చే మీటలో 78 ఉన్నంత మాత్రాన సరిపోదు. ఎల్పీ 1948లో వచ్చింది సన్నటి గాడితోనే, అందుకే ఒక్కో వైపు ఇరవై నిమిషాలు పట్టగలిగింది. అంతకుముందువాటి గాడి దానికి మూడింతలు వెడల్పు. ఎల్పీ ముల్లు అందులో అడుగున పడి, ఇసుకలో నడిచినట్టు గరగరలాడుతుంది. 78 కోసం వేరే ముల్లు దొరుకుతుంది, మీ కార్ట్రిడ్జ్‌కి సరిపడేది ఉందేమో అడగండి. అవి ఎల్పీల్లా వినైలు ప్లాస్టిక్‌వి కావు, లక్కలో రాతిపొడి కలిపి చేసినవి. వంచినా, పడినా ముక్కలవుతాయి. శుభ్రం చేసేటప్పుడు స్పిరిట్ కలిసిన ద్రవమేదీ తాకించకండి, లక్క అందులో కరిగిపోతుంది. కొంచెం తడిపిన గుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఒత్తేయండి. ముల్లు దొరికేదాకా ఒక్కోదాన్నీ విడివిడి కాగితపు కవర్లలో పెట్టి, పెట్టెలో నిలువుగా సర్దండి. ఒకదాని మీద ఒకటి పేరిస్తే అడుగుది పగులుతుంది.